ఏడో నెల తగ్గింపు

"ఏడో నెలలో కొత్త కారా? ముందు నన్ను చంపెయ్యండి!"

అత్తగారు చేతిలోని అన్నం తినే పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టేసింది. సూ-చిన్ ఆమెకు ఇంకాస్త చేపల పులుసు పోసింది. కుడి మణికట్టుకు కట్టు ఉంది. ఎడమచేత్తోనే పోసింది.

వీధిలో ఇంటింటి ముందూ బల్లలు వేస్తున్నారు. పళ్లు, బిస్కెట్ ప్యాకెట్లు, అన్నంలో గుచ్చిన అగరొత్తులు. చాంద్రమానం ఏడో నెల వచ్చి, పోయినవాళ్లు పైకి వచ్చేలా పాతాళం తలుపులు తెరుచుకుని నాలుగు రోజులైంది. ఈ నెలంతా చియాయి ఊళ్లో ఎవరూ పెళ్లి చెయ్యరు, ఇల్లు మారరు, ఏట్లో దిగరు.

"అందుకే కదా అత్తయ్యా చవక. షోరూముల్లో ఈగలు తోలుకుంటున్నారు. ధరలో ఎనభై వేలు తగ్గిస్తారట. మన పాత బండిని తుక్కుకిస్తే ప్రభుత్వం పన్నులో యాభై వేలు వెనక్కిస్తుంది."

"ఏడో నెలలో కొన్న బండి నడిపేవాణ్ణే తీసుకుపోతుంది. మా పిన్ని కొడుకు సంగతి మరిచిపోయారా? కొన్న తొమ్మిదో రోజు!"

"వాడు తాగి నడిపాడమ్మా," అన్నాడు కొడుకు జుంగ్-హాన్. "దయ్యాలేం చేస్తాయి?"

"ఛీ! ఆ మాట అనకు. అన్నదమ్ములు అనాలి. వింటారు."

"అన్నదమ్ములకు కారెందుకు అత్తయ్యా? వాళ్లకు లైసెన్సుందా ఏమన్నా?" అంది సూ-చిన్.

జుంగ్-హాన్ బల్ల చరిచి నవ్వాడు. ఆ చప్పుడుకి ఎనిమిదేళ్ల కూతురు ఉలిక్కిపడి తల్లి వైపు జరిగింది. భార్య మాటకు అతను నవ్వి ఎన్నేళ్లయిందో.

"చూశావా అమ్మా? ఈ మొద్దుకు కూడా ఇవాళ తెలివొచ్చింది."

మర్నాడు పెద్దవాళ్లు ముగ్గురూ షోరూముకు వెళ్లారు. "నేను చూడ్డానికొచ్చాను, కొనడానికి కాదు," అని అత్తగారు దారి పొడుగునా చెబుతూనే ఉంది.

అమ్మకాల మనిషి ఫాంగ్‌కు యాభై దాటాయి. టీ పోస్తూ కట్టు చూశాడు. "చేతికేమైంది అక్కా?"

"స్నానాల గదిలో జారింది," అంది అత్తగారు, సూ-చిన్ నోరు తెరిచేలోగా.

ఫాంగ్ టీ గిన్నెలు ముందుకు జరిపాడు.

"ఉన్న మాట చెబుతాను అన్నా. భయముంటే ఆగండి. డిసెంబరులో మాకు ఏడాది లెక్క పూర్తి కావాలి. అప్పుడూ ఇంతే తగ్గిస్తాం."

జుంగ్-హాన్ భార్య వైపు చూశాడు.

"అప్పటిదాకా పాత బండి ఆగుతుందా?" అంది సూ-చిన్. "నాలుగు టైర్లు, బ్యాటరీ, తనిఖీ. తుక్కుకిచ్చే బండికి ముప్ఫై వేలు పొయ్యాలా?"

"అదీ నిజమే," అన్నాడు జుంగ్-హాన్.

"సరే, అందరూ చేసినట్టే చెయ్యండి. సంతకం ఇప్పుడు పెట్టి, బండి ఎనిమిదో నెలలో తీసుకోండి. పెద్దావిడ మనసూ కుదుటపడుతుంది."

అత్తగారి ముఖం తేటపడింది. "అలా అన్నావు, బాగుంది నాయనా."

"ఈ నెలలోనే తీసుకుంటే?" అంది సూ-చిన్.

"ఇంకో పది వేలు తగ్గించగలను."

"పదిహేనో రోజున తీసుకుంటే?"

టీ పోస్తున్న ఫాంగ్ చెయ్యి ఆగిపోయింది. ఆకలితో తిరిగే ఆ అన్నదమ్ములందరికీ ఊరంతా వడ్డించే రోజు అది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో ఆ రోజు బండి అడిగినవాళ్లు లేరు.

"ఆ రోజు మేమే బండ్లు బయటికి తియ్యం అక్కా."

"అందుకే అడుగుతున్నా."

ఫాంగ్ లోపలికి వెళ్లి మేనేజరుతో మాట్లాడి వచ్చాడు. "పది కాదు, ఇరవై. ఇక నన్ను అడక్కండి."

జుంగ్-హాన్ ఈల వేశాడు. తల్లి అతని మోచేతి మీద ఒక్కటి వేసింది. "ఈ నెలలో ఈలేమిట్రా, పిలిచినట్టు!"

తర్వాత ఆవిడ వేళ్ల మీద లెక్క వేసుకుంది. టీ చల్లారిపోయింది.

"మొత్తం లక్షన్నరా?" అంది చివరికి.

"లక్షన్నర అత్తయ్యా."

"అన్నదమ్ముల పేర రెండు కట్టలు ఎక్కువ కాగితం డబ్బు కాలుద్దాంలే. వాళ్లకు మాత్రం ఆశ ఉండదా?"

ఫాంగ్ కాగితాలు తీశాడు. "అక్క పేరున పెట్టండన్నా. ఆడవాళ్లకు బీమా తక్కువ పడుతుంది."

"వద్దు," అంది సూ-చిన్ వెంటనే. "నడిపేది ఆయన. ఆయన పేరే ఉండాలి."

జుంగ్-హాన్ ఛాతీ విరుచుకుని, సంతకం పక్కన తన పేరు ముద్ర నొక్కాడు.

పదిహేనో రోజు పొద్దున్నే వీధిలో, పోయినవాళ్లకు చేరే కాగితం డబ్బు కాలడం మొదలైంది. పొగ కళ్లు మండిస్తోంది. బూడిద తునకలు కొత్త కారు తెల్లటి పైకప్పు మీద వాలుతున్నాయి. తుడిచినకొద్దీ వాలుతున్నాయి.

"ఘాట్ రోడ్డు మీద అలిషాన్ దాకా వెళ్లి చూద్దాం. బండి సత్తా అక్కడే తెలుస్తుంది," అన్నాడు జుంగ్-హాన్.

అత్తగారు వెనక సీటు నొక్కి చూసి, మెత్తగా ఉందని మురిసిపోతూ కూర్చుంది.

"ఎక్కవే, నీకు బొట్టు పెట్టి పిలవాలా?" అన్నాడు జుంగ్-హాన్ భార్యతో.

"నాకు కొండదారిలో వాంతులొస్తాయండీ. కొత్త సీట్లు పాడవుతాయి. పాపకు బొమ్మల క్లాసు కూడా ఉంది. మీరు వెళ్లి రండి."

"నీ ఖర్మ."

కారు కదిలింది. పొగలో ముందు రంగు పోయింది, తర్వాత చప్పుడు పోయింది.

కూతురు చెయ్యి ఊపబోయింది. సూ-చిన్ ఆ చెయ్యి పట్టుకుని మెల్లగా దించేసింది.

ఏడో నెల గురించి అత్తగారు చెప్పిన ప్రతి మాటనూ, మొదటి నుంచీ, ఆ ఇంట్లో మనసారా నమ్మింది సూ-చిన్ ఒక్కతే.