ఏడు డబ్బాల కూర

మైపాడు సముద్రం పక్కనే ఉన్నా మూడు రోజులుగా మా ఇంట్లో చేప ఉడకలేదు. ఆదివారం చర్చిలో ఆరాధన నడిపించి వచ్చి ఫ్రిజ్ తెరిస్తే ఏడు డబ్బాలు కనిపించాయి. మునక్కాయ సాంబారు, బీన్సు కూర, మొలకెత్తిన పెసలు. ఒక్కో డబ్బా మీద ఒక్కో రోజు పేరు రాసి ఉంది.

పొరుగింటి కామాక్షమ్మ మొక్కుకుంటే వారం పాటు చేప ముట్టదు. ఈ మధ్య ఆమె, నా భార్య ఎవాంజెలిన్ గుసగుసలాడుతూ, నన్ను చూడగానే ఆపేస్తున్నారు. నాకు మండింది. బైబిలు పట్టుకుని వంటింట్లో నిలబడ్డాను.

"పది ఆజ్ఞల్లో మొదటిదే తప్పినావే! ఏ దేవతకు మొక్కినావు?"

"మొక్కూ లేదు, ముడుపూ లేదు. రేపు నెల్లూరులో నాకు ఆపరేషను. గర్భసంచిలో గడ్డంట. కామాక్షమ్మక్క తోడొస్తా ఉంది. మూడు రోజులుగా ఇవే వండి పెడతా ఉండా. చేపల కూర వారం నిలవదు గదా! ఇవి వేడి చేసుకుని తినండి. మీ షుగరుకూ మంచిది."

"కట్టుకున్నోడితో చెప్పవా? తల మీద చేతులుంచి ప్రార్థన చేస్తును గదా!"

ఎవాంజెలిన్ గరిటె పక్కన పెట్టింది.

"పోయినేడు మీ చెల్లెలికీ ఇదే మాట చెప్పి, ఆసుపత్రికి పోనీకుండా ఆపినారు. ఆమె సమాధి దగ్గర వాక్యం కూడా మీరే చెప్పినారు."

ఎన్ని గంటల బస్సుకు పోతున్నారని అడిగాను.

ఆమె చెప్పలేదు.