ఎడమ మూల

చిట్యాలలోని ఆ ప్రైవేటు జూనియర్ కాలేజీ ఆఫీసులో ఉన్న ఐదు కంప్యూటర్లకూ ఒక శనివారం కొత్త సిస్టం ఎక్కించారు.

పాతదానికి ఇక అప్‌డేట్లు రావని, కాలంతో పాటు మారాలని మేనేజర్ శ్రీశైలం అందరికీ చెప్పాడు. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చి అప్పటికి రెండు వారాలే.

సోమవారం కంప్యూటర్లు తెరిస్తే అన్నీ చిన్న చిన్న తేడాలు.

తెర కింద ఎడమ మూలన ఉండే స్టార్ట్ బటన్ మధ్యలోకి జరిగింది. దాని స్థానంలో ఎండా వానల సమాచారం వచ్చి కూర్చుంది. కాపీ, పేస్ట్ అనే మాటలు పోయి చిన్న బొమ్మలు వచ్చాయి. ఆన్ చేసినప్పుడు మోగే చప్పుడూ మారింది.

అందరూ కాసేపు గొణిగారు. రెండు రోజుల్లో అలవాటు పడ్డారు.

ఎస్తేరు మాత్రం పడలేదు.

ఆమె పదహారేళ్లుగా అక్కడ టైపిస్టు. పిల్లల పరీక్ష ఫారాలన్నీ ఆమే కొట్టి పంపుతుంది.

ఆమె చెయ్యి ఎప్పుడూ ఎడమ మూలకే పోయేది. నొక్కగానే తెర మీద వాతావరణం పరుచుకునేది. దాన్ని మూయడానికి తంటాలు పడేది.

"ఇయ్యాల వాన పడ్తదా ఎస్తేరమ్మా" అని మొదట అడిగింది శ్రీశైలమే. తరువాత ఆ మాట ఆఫీసంతా పట్టుకుంది. వారం తిరిగేసరికి ఆమె పేరు వానమ్మ అయింది. అటెండర్ కృష్ణయ్య కూడా అందరితో కలిసి నవ్వేవాడు.

ఒకరోజు ఆమె మేనేజర్ గదిలోకి వెళ్లింది.

"సార్, గా బటన్‌ను మళ్ల ఎడమ దిక్కుకు పెట్టియ్యుండ్రి. నాకు గంతే చాలు."

అది నిమిషం పని. ఎలా చెయ్యాలో శ్రీశైలానికి తెలుసు. అయినా ఒక్క మనిషి కోసం ఆఫీసు వెనక్కి నడవదని చెప్పి పంపేశాడు.

మరునాడు భోజనాలయ్యాక సిబ్బందినంతా ఆమె బల్ల చుట్టూ నిలబెట్టాడు. ఫస్టియర్ పిల్లల ఫైలు తెరవమని చెప్పి, తన ఫోన్‌లో టైం పెట్టాడు.

ఎస్తేరు మౌస్ కదిపింది. బాణం తెరంతా తిరిగింది. వాతావరణం వచ్చింది. మూసింది. మళ్లీ వాతావరణమే వచ్చింది.

వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు.

"జర ఆగుండ్రి సార్, దొరుకుతది" అంది ఆమె.

శ్రీశైలం మూడు నిమిషాలు ఆగాడు. తరువాత అందరూ వినేలా, సోమవారం నుంచి రావద్దన్నాడు.

ఆమె టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. గడప దగ్గర ఆగి "పోయొస్త అన్నా" అంది. కృష్ణయ్య ఫైళ్లు సర్దుతున్నట్టు తల వంచుకున్నాడు.

ఆమె కుర్చీలోకి డిగ్రీ చదివిన అమ్మాయి వచ్చింది. పది రోజుల పని రెండు రోజుల్లో ముగించింది. శ్రీశైలం ఆ సంగతి యాజమాన్యానికి గొప్పగా చెప్పుకున్నాడు.

మార్చిలో పరీక్షలు మొదలయ్యాయి.

సంస్కృతం చదివిన అనూహ్య అనే పిల్లకు హాల్ టికెట్ మీద ఉర్దూ అని పడింది. ఆ పిల్ల మూడు గంటలు ఆ పేపరు ముందు కూర్చుని, తెల్ల కాగితాలు ఇచ్చి బయటికొచ్చింది. కొత్త అమ్మాయి కొట్టిన ఫారాల్లో అలాంటి తప్పులు మొత్తం పదకొండు తేలాయి.

అనూహ్య తండ్రి మల్లేశ్ ఆఫీసుకు వచ్చాడు. కేకలు వేయలేదు.

"నా బిడ్డకు ఈ ఏడాది ఎవలు తిరిగిస్తరు సార్" అని అడిగి, జవాబు కోసం సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

ఆయన వెళ్లాక శ్రీశైలం పాత రికార్డులు తీయించాడు. ఎస్తేరు పంపిన ఫారాల్లో, పదహారేళ్లలో, దిద్దడానికి తిరిగొచ్చింది ఒక్కటి కూడా లేదు.

సప్లిమెంటరీ ఫారాలు పంపే గడువు దగ్గరపడుతోంది. కృష్ణయ్యను బండి ఎక్కించుకుని, రామన్నపేట దగ్గర ఎస్తేరు ఉండే ఊరికి వెళ్లాడు.

ఆమె అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. శ్రీశైలం వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"ఎవలది?" అంది తల ఎత్తి.

ఇంకా కోపం పోలేదు కాబోలు, గుర్తుపట్టనట్టు ఉంటోందనుకున్నాడు. తన పేరు చెప్పాడు.

ఆమె గబగబా లేచింది. "కూసోండ్రి సార్" అంటూ చేత్తో చూపించింది. అటువైపు కుర్చీ లేదు, గోడ ఉంది.

శ్రీశైలం తాను వచ్చిన పని చెప్పాడు. రేపటి నుంచే రమ్మన్నాడు. కంప్యూటర్‌ను ఆమెకు ఎలా కావాలంటే అలా పెట్టిస్తానన్నాడు.

"ఇగ రాలేను సార్" అంది ఎస్తేరు. "కొలువు పోంగనే దవాఖాన కార్డు బందయింది. కంటి సూదులు బందయినయి. అప్పుడు తెర ఎల్తురన్న కానొచ్చేది. ఇప్పుడు గా ఎల్తురు గూడ లేదు."

చూపు ఎప్పటి నుంచి పాడైందని శ్రీశైలం అడిగాడు. ఆమె మళ్లీ కూర్చుని చేట ఒళ్లోకి తీసుకుంది.

తిరుగు దారిలో కృష్ణయ్య మధ్యలో బండి ఆపమని దిగాడు. చూపు సంగతి తెలిస్తే కొలువు తీసేస్తారని, ఎవరికీ చెప్పొద్దని ఎస్తేరు తనతో ఒట్టు వేయించుకుందని చెప్పాడు. రోజూ పొద్దున్నే, ఎవరూ రాకముందు, తాను ఫారాలు ఒక్కొక్కటే చదివి వినిపించేవాడినని, కొట్టినవి మళ్లీ చదివి చెప్పేవాడినని, ఎడమ మూలనున్న బటన్ చూడకుండానే ఆమె చేతికి దొరికేదని చెప్పాడు.

షుగరుతో కళ్లు దెబ్బతిన్న ఎస్తేరు, చివరి నాలుగేళ్లూ రెండు వేల మంది పిల్లల ఫారాలను, తెర మీద ఒక్క అక్షరం కూడా కనపడకుండానే కొట్టింది.