అందుకోని ఇంజను

సెల్ఫ్ తిరిగింది గానీ ఇంజను అందుకోలేదు. గోవిందసామి తాళంచెవి వెనక్కి తిప్పి, నుదుటి చెమట తుడుచుకొని, మళ్ళీ తిప్పాడు. బండి కాసేపు రొద చేసి ఊరుకుంది. నాలుగు చక్రాల కింద పెట్టిన నిమ్మకాయలు నాలుగూ చెక్కుచెదరలేదు.

గోడకు ఆనుకొని నిలబడ్డ రాజలక్ష్మి, నడుము దగ్గర చీర మడతను అరచేత్తో అదిమిపట్టుకుంది. ఆ మడతలో రోటర్ ఉంది. బొటనవేలంత ముక్క. అది లేకపోతే ప్లగ్గులకు కరెంటు అందదు, సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజను లేవదు. ఆ సంగతి ఆమెకు నేర్పింది గోవిందసామే. పొద్దున అందరికంటే ముందు వచ్చి షెడ్డు తలుపు తీసింది, దాన్ని ఊడదీసి దాచేసింది.

కోడంబాక్కంలోని ఆ రేకుల షెడ్డులో ముగ్గురు స్నేహితులూ కలిసి చేసుకున్న కారు అది. సినిమా స్టూడియోలో మెకానిక్కుగా చేసి మానుకున్న గోవిందసామి పాత టాక్సీ ఇంజను తెచ్చి బాగుచేశాడు. రేకులు కొట్టి బాడీ కట్టి, వైరింగ్ లాగింది ఆనందన్. సీట్లు కుట్టింది రాజలక్ష్మి.

గుమ్మంలో సూట్‌కేసు పక్కన పెట్టుకొని గోవిందసామి కూతురు సునయన నిలబడి ఉంది. కోయంబత్తూరు వచ్చి తనతో ఉండమని అడిగినప్పుడల్లా, బండి స్టార్టయిన రోజే బయల్దేరతానని తండ్రి మాట ఇస్తూ వచ్చాడు. ఆ రోజు ఇదేనని ఆనందన్ నోరు జారి ఫోనులో చెప్పేశాడు. ఇంకేం, మధ్యాహ్నం రైలుకు రెండు టికెట్లు తీసుకొని ఆమె దిగిపోయింది.

"పావుగంటలో రాహుకాలం వస్తుంది నాయనా" అంది సునయన.

"చూస్తుండా కదమ్మా."

గోవిందసామి బానెట్ ఎత్తాడు. పెట్రోలు బాగానే ఉందన్నాడు. బ్యాటరీ తీగలు బిగించాడు. పెళ్ళికూతురు మాదిరి ముస్తాబు చేసినా పీటల మీద కూర్చోనంటుందేమని ఆనందన్ వేళాకోళమాడితే ఎవరూ నవ్వలేదు. గోవిందసామి చెయ్యి మెల్లగా డిస్ట్రిబ్యూటర్ మూత వైపు పోయింది. ఆ మూత కిందే రోటర్ ఉండాలి. రాజలక్ష్మి చీర మడతను ఇంకా గట్టిగా అదిమింది. ఆయన చెయ్యి మూత మీద ఒక క్షణం ఆగింది. తెరవలేదు. గుడ్డతో పైపైన తుడిచి వెనక్కి వచ్చేసింది.

ఇవ్వాళ్టికి వదిలేద్దామన్నాడు ఆయన. సునయన ఒప్పుకోలేదు. మెయిన్ రోడ్డులో ఉన్న మెకానిక్‌ను పిలుస్తానని ఫోను తీసింది. ఇంజను నాయన చేసింది గనుక దానిలో తప్పుండదనీ, ఏదైనా ఉంటే వైరింగ్‌లోనే ఉండాలనీ అంది.

ఆనందన్ ముఖంలో నవ్వు పోయింది. "నా వైరింగ్‌నా అమ్మా అంటుండావు?"

"మరింకేందన్నా?"

అతను పెట్టెలోంచి కటింగ్ ప్లయర్ తీశాడు. ఒక్కో వైరూ కోసి చూపిస్తాననీ, తప్పు ఎక్కడుందో బయటివాడు వచ్చి చెప్పనక్కర్లేదనీ అంటూ బానెట్ కింద దూరాడు. ఎనిమిది నెలలు కూర్చొని, రంగు రంగుల టేపు చుట్టి, జడ అల్లినట్టు అల్లిన తీగలవి.

"వద్దురా" అన్నాడు గోవిందసామి.

"మీరు సుమ్మా ఊరుకోండి మేస్త్రీ. మాట పడినవాణ్ణి నేను."

ప్లయర్ నోరు తెరిచి ఎర్ర తీగను పట్టుకుంది.

"కొయ్యమాక ఆనందా" అంది రాజలక్ష్మి.

ముందుకొచ్చి అరచెయ్యి చాపింది. చీర మడతలో నలిగి వెచ్చబడ్డ రోటర్‌ను ముగ్గురూ చూశారు.

"పొద్దున నేనే తీసినా."

ఆనందన్ చేతిలో ప్లయర్ కిందికి వాలింది. సునయన ఆమెను కొత్త మనిషిని చూస్తున్నట్టు చూసింది. "ఎందుకత్తా?"

"బండి కదిలితే మీ నాయన పోతాడు కదా."

అరవై ఏళ్ళు వచ్చి దొంగతనం చేసి దొరికిపోయింది. ఇక ఈ షెడ్డు గడప ఏ ముఖం పెట్టుకొని తొక్కుతుంది? ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని గోవిందసామి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు.

సునయన రోటర్ అందుకొని ఆనందన్ చేతిలో పెట్టింది. అతను దాన్ని బిగించి మూత మూశాడు. రాహుకాలానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి.

"ఎక్కు నాయనా."

గోవిందసామి కారెక్కాడు. కళ్ళు మూసుకొని తాళంచెవి తిప్పాడు. రాజలక్ష్మి కూడా కళ్ళు మూసుకుంది. సెల్ఫ్ తిరిగింది, తిరుగుతూనే ఉంది. ఇంజను అందుకోలేదు. రెండోసారీ అంతే. మూడోసారికి బ్యాటరీ మూలిగింది.

ఆనందన్ వంగి పెట్రోలు పైపు ఊడదీశాడు. వేళ్ళ మీద పడ్డదాన్ని రుద్ది చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వాసనే లేదు. మెల్లగా రాజలక్ష్మి వైపు తిరిగాడు.

"ఇదీ నీ పనేనా అక్కా?"

ఆమె బిత్తరపోయి కాదన్నట్టు తల ఊపింది.

స్టీరింగ్ వదలకుండా, ఎవరి వైపూ చూడకుండా గోవిందసామి అన్నాడు: "ఆమెను అనమాకరా. ట్యాంకులో నీళ్ళు పోసింది నేను."