బెదరని పొట్టేలు

"బెదిరిన జీవాన్ని నేను కోయను. ఇంటికి తోలుకుపోండి అంటాను, అంతే," అని కసాయి, పొట్టేలును తోలుకొచ్చిన ఆలుమగలకు తన గుమ్మంలోనే చెప్పేశాడు.

బెదిరితే మాంసం నల్లబడి చెప్పు అట్టలా అవుతుంది మరి. పచ్చికలో పెరిగిన గొర్రె అని ఊరికే పేరొస్తుందా? బయలంతా తిరిగి మేయాలి, సూదిమందు ఎరగకూడదు, ఆఖరి క్షణం దాకా భయమన్నదే తెలియకూడదు.

కసాయి కత్తి నూరుకోవడానికి లోపలికి వెళ్ళాడు. ఇల్లాలు పొట్టేలు పలుపును చేతికి చుట్టుకుంది.

"దీన్ని వదిలెయ్యయ్యా. నా ఒళ్ళో సీసాపాలు తాగి పెరిగింది."

"మనింట్లో నీ ఒళ్ళో పెరగనిదేదే?" అన్నాడు మొగుడు. "అన్నిటినీ వదిలేసి మనం గడ్డి మేద్దామా? నేను నీళ్ళు తాగొస్తా, ఈలోగా కళ్ళు తుడుచుకో."

అతను అటు వెళ్ళగానే ఆమె పలుపు విప్పేసింది. దడి మీది బరికె లాగి, పొట్టేలు వీపు మీద ఛెళ్ళుమనిపించింది. పుట్టిన్నాటి నుంచి దాన్ని గోటితో కూడా గిల్లని చెయ్యి అది.

"పో! పారిపో!"

పొట్టేలు ఒక్క అడుగు వెనక్కి వేసి, మళ్ళీ ఆమె దగ్గరికే వచ్చింది. ఆమె ఇంకో దెబ్బ వేసింది. అక్కడ పడున్న రేకు డబ్బా తీసి దాని చెవి పక్కనే రాతికేసి బాదింది.

"నన్ను చూసి భయపడరా అయ్యా, నీ కాళ్ళు మొక్కుతా!"

ఆ చప్పుడుకి కసాయి పరుగున వచ్చాడు. "ఇదేం పని అక్కా?"

"బెదిరిపోయింది తమ్ముడూ! ఎలా వణుకుతోందో చూడు. ఇంక నీకు పనికిరాదు."

వణుకుతున్నవి ఆమె చేతులే. పొట్టేలు ఆమె కొంగులో మూతి దూర్చి, తాపీగా నెమరు వేస్తోంది.

కసాయి వంగి దాని డొక్క మీద అరచెయ్యి ఆనించాడు. గుండె ఎలా కొట్టుకుంటోందో చూశాడు. తర్వాత, నీళ్ళు తాగి వస్తున్న ఆమె మొగుడి వైపు తిరిగాడు.

"దెబ్బలు తిని కూడా గుండె అదరని జీవాన్ని నా జన్మలో చూళ్ళేదు బావా! అక్క పెంచినవి ఇంకెన్ని ఉంటే అన్నీ తోలుకొచ్చెయ్."