జాబితాలో ఆరో పేరు

"ఆరో పేరు కొట్టేస్త మామా," అంది భాగ్యజ్యోతి, పెన్ను మూత తీస్తూ.

"ఎందుకు వకీలమ్మా?"

"ముందు ఐదుగురికీ కాయితాలున్నయి. సొసైటీ, ఇద్దరు ఫైనాన్సోళ్ళు, మోటారు దుకాణం, దవఖానకని పైసలిచ్చిన సేటు. నీ తమ్మునికి కాయితం లేదాయె. నోటిమాట అప్పు ఐపీల రాస్తే మనకే కిరికిరి."

"కాయితం లేకుంటే అప్పు అప్పు కాదా? రాయమ్మా. పీరప్ప, కుశనూర్. ఇరవై వేలు. బర్రె కొన్నప్పుడు తీసుకున్న, ఆరేండ్ల కింద."

భాగ్యజ్యోతి రాసింది. బీదర్ కోర్టులో ఆమె దివాలా పిటిషన్లు చాలానే వేసింది. ఉన్న అప్పు ఎగ్గొట్టే దారి అడిగేవాళ్ళే గానీ, ఎవరూ అడగని అప్పును పట్టుబట్టి రాయించేవాణ్ణి ఇప్పుడే చూస్తోంది.

సంగయ్యకు అరవై దాటాయి. కుశనూర్‌లో పిండి గిర్ని నడిపేవాడు. భార్య మహాదేవి జబ్బుకు కొంత, గిర్ని మోటార్లకు కొంత అప్పు చేశాడు. ఆమె పోయింది, గిర్ని పోయింది, పొలం పోయింది, అప్పు మాత్రం నమ్మకంగా వెంట ఉంది. పిల్లల్లేరు. బీదర్ పక్కన చిద్రిలో ఒక్క గది అద్దెకు తీసుకుని, ఎవరి గిర్నిలోనో కూలికి పిండి పడుతున్నాడు. పగలంతా మిషను మోత, గదికొస్తే నాలుగు గోడలు. ఆ తలుపు తట్టేది అప్పులవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరు. దివాలా ఆర్డరు వస్తే వాళ్ళ బెదిరింపులన్నా ఆగుతాయి. ముసలాయనకు కావలసింది అదేననుకుంది భాగ్యజ్యోతి.

"తమ్ముని ఇంటికి పోయి మాట్లాడుకోరాదా మామా?"

"పోరాదమ్మా. నాయిన పోయినంక బాయినీళ్ళ వంతు కాడ కొట్లాడినం. మైలార్ మల్లన్న పసుపు ముట్టి ఒట్టేసుకున్నం. వాని గడప నేను తొక్కద్దు, నా గడప వాడు తొక్కద్దు. తొమ్మిదేండ్లాయె."

"ఒట్టు తీసి గట్టున పెట్టరాదా?"

"మల్లన్నతోని పరాచికమా?" అన్నాడు సంగయ్య.

కోర్టు ఆరుగురికీ నోటీసులు పంపింది.

మొదటి వాయిదాకు పీరప్ప భుజం మీద గొంగడితో వచ్చాడు. వరండాలో ఒకే బెంచీ. ఈ కొసన అన్న, ఆ కొసన తమ్ముడు, మధ్యలో ముగ్గురు కూర్చునేంత జాగా. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"మీకు రావలసింది ఎంత?" అని జడ్జి కన్నడలో అడిగాడు.

"ఇరవై ఐదు వేలు సార్," అన్నాడు పీరప్ప. "బోరు ఏసినప్పుడు ఇచ్చిన."

భాగ్యజ్యోతి చప్పున లేచింది. పిటిషన్‌లో ఉన్నది ఇరవయ్యేననీ, అదీ బర్రె కోసమనీ చెప్పబోతుంటే వెనక నుంచి సంగయ్య గొంతు వినిపించింది.

"ఇరవై ఐదే సార్. బోరుకే. నేనే మరిచిన."

"పిటిషన్ మీద అభ్యంతరం ఉందా?"

"ఉంది సార్," అన్నాడు పీరప్ప. "నా పైసలు నాకు రావాలె. ఎన్ని వాయిదాలైనా వస్త."

బయటికొచ్చాక భాగ్యజ్యోతికి కోపం ఆగలేదు. "గంతగనం భయమా మామా ఆయనంటే?"

"అప్పు పడ్డోనికి నోరుంటదా వకీలమ్మా," అన్నాడు సంగయ్య.

రెండో వాయిదాకు బెంచీ మీద ఇద్దరి మధ్య ఒక మనిషి పట్టేంత జాగా మిగిలింది. మూడోసారి ఆ జాగాలో పీరప్ప ఒక మూట విప్పాడు. జొన్నరొట్టెలు, పుంటికూర. చూడకుండానే రెండు రొట్టెలు పక్కకు జరిపాడు. సంగయ్యా చూడకుండానే తీసుకున్నాడు.

"మహాదేవి వదినె కారం ఎక్కువ ఏస్తుండె," అన్నాడు పీరప్ప, ఎదుటి గోడతో.

"ఏస్తుండె," అన్నాడు సంగయ్య, అదే గోడతో.

రొట్టె పెట్టి పీక పట్టుకునే రకం అనుకుంది భాగ్యజ్యోతి.

ఐదో వాయిదా నాటికి మిగతా వాళ్ళంతా దారికొచ్చారు. సేటు సంతకం పెట్టాడు, మోటారు దుకాణమూ పెట్టింది. అడ్డం మిగిలింది పీరప్ప ఒక్కడే. ఆమె అతని దగ్గరికి వెళ్ళింది.

"తోడబుట్టినోడే గదా పీరప్పా. ఒంటరి మనిషి. ఇడిచిపెట్టరాదా?"

"ఇడువ," అన్నాడు పీరప్ప. "వాయిదాకొస్త."

లోపల జడ్జి ఫైలు తిరగేసి విసుక్కున్నాడు. "కాగితం లేదు, సాక్షి లేడు. సంగయ్యా, ఈ అప్పు లేదని మీరంటే ఇక్కడితో తేలిపోతుంది. ఏమంటారు?"

"లేదని చెప్పు మామా," అంది భాగ్యజ్యోతి గొంతు తగ్గించి. "ఈ దినమే ఆర్డరొస్తది. మళ్ళ ఈ కోర్టు మెట్లెక్కే పనే ఉండది."

సంగయ్య తమ్ముడి వైపు చూశాడు. పీరప్ప తల వంచుకుని తన చెప్పుల్ని చూసుకుంటున్నాడు.

"ఉంది సార్," అన్నాడు సంగయ్య.

మళ్ళీ వాయిదా పడింది.

వరండాలోకి రాగానే భాగ్యజ్యోతి ఫైలు చంకలో పెట్టుకుని, "చేతులార చెడగొట్టుకున్నవు. ఇగ నీ ఇష్టం," అంది.

"తారీకెంత వకీలమ్మా?"

"వచ్చే నెల పద్దెనిమిది."

"పద్దెనిమిది," అన్నాడు వెనకే వచ్చిన పీరప్ప. "యాదుంచుకో అన్నా."

ఇంత ఏడిపించి మళ్ళీ అన్నా అనడానికి ఈయనకు నోరెలా వచ్చిందో అనుకుంది భాగ్యజ్యోతి. సంగయ్య మాత్రం తువాలుతో కళ్ళు ఒత్తుకుని, బెంచీ మధ్యలో తమ్ముడికి జాగా చేసి కూర్చున్నాడు.

తమ్ముడి దగ్గర అతను ఏనాడూ పైసా అప్పు తీసుకోలేదు.