అందింది, ఇక ఆపండి

"అందిందని చెప్పాను కదా పెద్దాయనా, ఇక ఆపండి" అని సున్నివా మైకులో కసిరింది.

నార్వే తీరంలోని ఆ రేడియో కేంద్రంలో ఆమెకు ఊపిరి సలపడం లేదు. ఎయిలర్ట్ అనే ముసలి జాలరి పడవ ఇంజిను ఆగిపోయి, గాలివానలో రాళ్ల వైపు కొట్టుకుపోతోంది. పడవ అల మీదికి లేస్తే ఆయన గొంతు వినిపిస్తుంది, కిందికి జారితే బుస్సుమనే చప్పుడే మిగులుతుంది. ఆ ముక్కల్లో ఆమెకు చిక్కినవి రెండే, హెస్ట్‌హోల్మ్ దీవి, రాళ్లు. ఆ దీవికి లోపలి వైపున్న రాళ్లు ఊరందరికీ తెలిసినవే. అందుకని దొరకని మాటలు తనే పూరించుకుని రక్షణ పడవను అటు పంపేసింది. అందింది, మనవాళ్లు వస్తున్నారు అని ఆయనకు చెప్పేసింది కూడా.

సముద్రం మీద ఒక ఆనవాయితీ ఉంది. అవతలివాళ్లు అందిందన్నాక మైకు కింద పెట్టి, ఆపదలో ఉన్న ఇంకొకరికి దారి వదలాలి. ఈయనేమో చెప్పిందే చెబుతున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడని ఊరికే అనలేదు. అవతల మరో పడవ ఎవరిదో పిలుస్తున్నట్టుంది, ఈయన గోలలో అదీ వినపడటం లేదు.

ఈసారి గట్టిగా నాలుగు చీవాట్లు పెడదామని ఆమె మీట మీద వేలు వేసింది. సరిగ్గా అప్పుడే ఏదో పెద్ద అల ఆయన్ని పైకెత్తినట్టుంది, అంతవరకూ దొరకని ముక్క తేటగా వచ్చి పడింది.

"...దీవికి బయటి వైపు, బయటి వైపు..."

సున్నివా పంపింది లోపలి వైపుకు. అప్పటికప్పుడు రక్షణ పడవను దీవి చుట్టూ బయటి సముద్రానికి మళ్లించింది. వాళ్లు వెళ్లి తాడు విసిరేసరికి ఎయిలర్ట్ పడవ రాళ్ల అంచుకు చేరిపోయింది. ఇంకొక్క అల వచ్చుంటే అంతే సంగతులు.

రేవులో ఆయన దుప్పటి కప్పుకుని వేడి కాఫీ ఊదుకుంటుంటే, సున్నివా పరుగెత్తుకొచ్చి చేతులు పట్టుకుంది. ఆమెకు ఏడుపు ఆగలేదు. చేజేతులా మీ ప్రాణం తీసేదాన్ని, నేను కసిరినా మీరు ఆపకపోబట్టి బతికిపోయాను, మీ మొండితనానికి జన్మంతా రుణపడి ఉంటాను అంది.

ఎయిలర్ట్ తెల్లబోయి చూశాడు.

"నన్ను బతికించిన తల్లివి, నువ్వు నాకు రుణపడటమేంటమ్మా? అసలు నువ్వు కసిరావా? అక్కడ బుస్సుమనే చప్పుడు తప్ప నీ మాట ఒక్కటీ నాదాకా రాలేదే. అందిందన్న మాట చెవిన పడుంటే, అప్పుడే మైకు కింద పెట్టేసేవాణ్ని."