ఐదో నంబరు ఆడమనిషి

చొక్కా ఉతకబోతూ జేబు తడిమిన స్వరూపకు ఒక రసీదు దొరికింది. చదివేసరికి చేతిలోని చొక్కా జారి బకెట్లో పడింది.

రెండు టికెట్లు. కర్ణాటక తీరాన సముద్రంలో రోజంతా దీవి యాత్ర. పొద్దున స్నార్కెలింగ్, మధ్యాహ్నం రెండు బీచులు, సూర్యాస్తమయానికి గుడి. శుక్రవారం సాయంత్రం బస్సు. పేరు మాత్రం ఒక్కటే ఉంది, ఆనందరావు అని. రెండో పేరు ఉండాల్సిన చోట 'ప్లస్ వన్' అని రాశారు. అట్టడుగున పెన్నుతో ఇంకో ముక్క: 'కాలి సైజు: మగ 9, ఆడ 5.'

ఆనందరావు ఆమె మొగుడు. శుక్రవారం సాయంత్రం షాపు పనిమీద గుల్బర్గా పోతానని నిన్ననే చెప్పాడు.

పక్కింటి నౌరీన్ డిగ్రీ చదువుతోంది. స్వరూప రసీదును మడిచి, స్నార్కెలింగ్ అన్న ముక్క మాత్రం కనిపించేలా ఆ పిల్ల ముందు పట్టుకుంది.

"గిదంటే ఏందే?"

"మొఖానికి అద్దం, నోట్ల గొట్టం పెట్టుకొని సముద్రంల చేపల్ని చూసుడు ఆంటీ. కాళ్లకు బాతు కాళ్ల లెక్క రబ్బరు చెప్పులు తొడుగుతరు. అందుకే సైజు అడుగుతరు. ఎవరు పోతున్రు?"

"ఎవరో సిగ్గులేనోళ్లు."

పొద్దున నీళ్లలో సరసాలు, సాయంత్రం గుడిలో దండాలు! దేవుడి ముందుకు కూడా దాన్నే వెంటబెట్టుకుపోతాడా! సముద్రం చూపించమని తను అడిగినప్పుడల్లా 'చూద్దాం తీయ్' అని తప్పించుకున్న మనిషేనా ఇతను? స్వరూపకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకాలే కోపం వచ్చింది.

తన కాలు ఏడో నంబరు. అందులో అనుమానం లేదు. ఆనందరావు పనిచేసేది పత్తర్‌గట్టిలో చెప్పుల దుకాణంలో. ఇరవై ఏళ్లుగా ఆమెకు తెచ్చిచ్చిన జతలన్నీ ఏడే. మరి ఈ ఐదు ఎవత్తెది?

ఆ సాయంత్రం అన్నం వడ్డిస్తూ గాలం వేసింది.

"శుక్రవారం నేను మా అక్కోళ్లింటికి పోత."

ఆనందరావు చేతిలో ముద్ద ఆగిపోయింది. "వద్దొద్దు. నువ్వు యాడికి పోకు. ఇంట్లనే ఉండు."

"ఎందుకట్ల?"

"ఊకెనే. ఉండుమంటే ఉండరాదూ!"

ఒక్కసారి కూడా ఆమె కళ్లలోకి చూడలేదు. దొంగ మొహం! తనను ఇంటికి కాపలా పెట్టి ఊరేగబోతున్నాడన్నమాట.

మర్నాడు మాదన్నపేట మార్కెట్‌కు పోయి టమాటాలు చూడలేదు, వంకాయలు చూడలేదు. టపటపా చెప్పులు మోగించుకుంటూ అటూఇటూ తిరిగి వచ్చేపోయే ఆడవాళ్ల పాదాలు చూసింది. గురువారం ఎదురింటి నాగమణమ్మ మనవరాలి పుట్టినరోజు. లోపల కేకు కోస్తుంటే స్వరూప గడప బయటే కూర్చుని, విడిచిన చెప్పులన్నీ ఒక్కొక్కటే తిరగేసి నంబరు చూసింది.

ఐదో నంబరు మూడు జతలున్నాయి. ఒకటి నాగమణమ్మది, ఆమెకు డెబ్బై ఏళ్లు. ఒకటి బడికి పోయే పిల్లది. మూడోది ఎర్ర పట్టీలు, ఎత్తు మడమలు. వాళ్ల మేడ మీద కొత్తగా అద్దెకు దిగిన కీర్తిప్రియది.

"చెప్పులు మస్తుగున్నయ్. యాడ కొన్నవమ్మా?" తియ్యగా అడిగింది స్వరూప.

"అంకుల్ షాపులనే ఆంటీ! నా కాలు దిక్కు ఒక్కసారి చూసిండంతే. కొలవకుండనే ఐదు అన్నడు. మస్తు హుషారు మీ ఆయన!"

హుషారట! స్వరూపకు అరికాలి నుంచి నడినెత్తి దాకా మండింది. కేకు ముక్క ముట్టకుండా ఇంటికొచ్చేసింది.

శుక్రవారం మధ్యాహ్నం బట్టలు సంచిలో కుక్కి, ఇంటికి తాళం వేసి, తిన్నగా పత్తర్‌గట్టి దుకాణంలోకి దూసుకెళ్లింది. ఆనందరావు చాయ్ తాగడానికి పోయాడు. యజమాని దస్తగీర్ ఒక్కడే గల్లా దగ్గర కూర్చున్నాడు. ఆమె తాళంచెవి, రసీదు అతని ముందు విసిరేసింది.

"సేఠ్, గివి మీ మనిషికియ్యి. నేను మా అక్కోళ్లింటికి పోతున్న. ఇగ మళ్ల రాను. ఆ ఐదో నంబర్ దాన్నే తెచ్చుకొని ఏలుకొమ్మను!"

"అరె, ఏమైంది బెహన్?"

దస్తగీర్ రసీదు చదివాడు. అడుగున పెన్నుతో రాసిన ముక్క దగ్గర ఆగాడు. గడ్డం నిమురుకున్నాడు. తర్వాత లేచి, కాలి కొలత పలక తెచ్చి ఆమె ముందు నేల మీద పెట్టి, తను దూరంగా జరిగి కూర్చున్నాడు.

"జర కాలు పెట్టు బెహన్."

"నా కాలెందుకు? నాది ఏడు! ఇరవై ఏండ్ల సంది నీ షాపు చెప్పులే తొడుగుతున్న, నీకు ఎర్క లేదా?"

"ఎర్కనే. ఆడోళ్ల చెప్పులల్ల ఏడో నంబర్ జల్దీ అమ్ముడువోదు. దసరాకు మిగిలిన జత పనోళ్లకు ఇస్త. ఆనంద్ భాయ్ అదే ఇంటికి తెస్తడు." దస్తగీర్ తల వంచుకున్నాడు. "కాలు చూసి నంబర్ చెప్పుట్ల మాత్రం ఆయన ఎన్నడు తప్పలే. జర పెట్టు."

స్వరూప విసురుగా చెప్పు విడిచింది. వేళ్ల దగ్గర కుక్కుకున్న స్పాంజి ముక్క ఊడి నేల మీద పడింది. పాదం పలక మీద ఆనించింది. దస్తగీర్ దూరం నుంచే ఒక పుల్లతో ఇనుప పట్టీని నెట్టాడు. అది ఏడు దాటింది, ఆరు దాటింది, ఐదు దగ్గర ఆమె బొటనవేలికి తగిలి ఆగింది.